వెనక ఏముంటే అదే అక్షరం రంగు

చిరంజీవి మేనకోడలికి,

చిత్తూరు నుంచి నీ మామ ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. తిరుపతి గాంధీ రోడ్డులో వెండి సామాన్ల షాపాయన అద్దాల మీద పేరు ‘ట్రాన్స్‌పరెంట్‌గా, స్టైల్‌గా’ కావాలన్నాడని రాశావు. మొదటి పెద్ద ఆర్డరు, టెన్షన్ ఉండటం మామూలే. ఫోనులో చెబితే సగం మర్చిపోతావు. కాగితం మీద ఉంటే పని దగ్గర తీసి చూసుకుంటావని రాస్తున్నాను.

ముందు ఆయన అడిగింది ఏమిటో తేల్చుకో. ట్రాన్స్‌పరెంట్ అన్నప్పుడు ఒక్కొక్కరి మనసులో ఒక్కోటి ఉంటుంది. అద్దమంతా పాలరంగు ఫ్రాస్టెడ్ ఫిల్మ్ వేసి, అందులో అక్షరాల మేర కోసి తీసేస్తే అక్షరం గుండా లోపలికి కనిపిస్తుంది. అది ఒక రకం. అద్దాన్ని ఖాళీగా వదిలి ఫ్రాస్టెడ్ అక్షరాలు మాత్రమే అతికించడం ఇంకో రకం. ఎరుపో నీలమో వెలుగు దాటే రంగు ఫిల్మ్‌తో అక్షరం కోయడం మూడోది. నోటితో చెబితే ఆయన అన్నిటికీ తలూపుతాడు. ఎ4 కాగితమంత అద్దం ముక్కలు మూడు తీసుకుని, ఒక్కోదాని మీద ‘శ్రీ’ ఒక్కటి అతికించి పట్టుకెళ్ళు. కౌంటరు మీద పడుకోబెట్టి చూపించొద్దు. ఆయన అద్దానికే ఆనించి పట్టుకుని, ఆయన్ని రోడ్డు మీదికి పిలిచి చూపించు.

రోడ్డు మీదికి ఎందుకంటే, అసలు సంగతంతా అక్కడే ఉంది. పెయింటు అక్షరానికి మనం వేసిందే రంగు. ఖాళీ అక్షరానికి అలా కాదు, దాని వెనక ఏముంటే అదే దాని రంగు. పగలు బయట ఎండ, లోపల నీడ. ఫ్రాస్టెడ్ ఫిల్మ్ ఎండను చెదరగొట్టి తెల్లగా కనిపిస్తుంది, అందులో కోసిన అక్షరం లోపలి నీడ వల్ల నల్లగా తేలుతుంది. బాగుంటుంది. కానీ నువ్వు పంపిన ఫోటో చూశాను. ఆ షాపులో అద్దం వెనకే తెల్ల లామినేట్ ర్యాకు ఉంది, దాని మీద వెండి. తెలుపులో కోసిన అక్షరం వెనక మళ్ళీ తెలుపే వస్తే ఏం మిగులుతుంది? రాత్రి లైట్లు వేశాక ఇంకా కష్టం. ఫిల్మ్ లోపలి వెలుతురుకు మెరుస్తుంది, అక్షరం గుండా కనిపించే ర్యాకు అంతకన్నా మెరుస్తుంది, పేరు కరిగిపోతుంది. ర్యాకు వెనక పలకకు మెరూన్ వెల్వెట్ గుడ్డ వేయించమని అడుగు. నగల షాపులవాళ్ళకి అది కొత్త కాదు, వెండి కూడా దాని మీద ఎత్తి కనిపిస్తుంది. దానికి ఆయన ఒప్పుకోకపోతే ఖాళీ అక్షరాల ఆలోచన మానుకో. వేరే రకం చూద్దాం.

ఇంకో చిక్కు ఉంది. అవతలి ఫుట్‌పాత్ మీంచి చూసేవాడికి అక్షరం వెనక ర్యాకు ఉంటుంది. అదే మనిషి దగ్గరికొచ్చి తలెత్తితే అదే అక్షరం వెనక ఫాల్స్ సీలింగ్, దాని లైట్లు వచ్చేస్తాయి. అందుకని పేరు అద్దం పైఅంచుకు తోసేయొద్దు. అద్దం మీద అక్షరం వచ్చే చోట నాలుగు మూలలా మాస్కింగ్ టేపు ముక్కలు పెట్టి, రోడ్డు అవతల నుంచి ఒకసారి, వాకిట్లోంచి ఒకసారి చూడు. మిట్టమధ్యాహ్నం చూసి, దీపాలు పెట్టాక మళ్ళీ వెళ్ళి చూడు. మామూలు అద్దం తన మీద పడిన వెలుతురులో సుమారు 8 శాతం వెనక్కి కొడుతుంది. కొంచెమే కదా అనిపిస్తుంది గానీ, ఎర్రటెండలో ఆ కొంచెమే లోపలి వెలుతురును మింగేస్తుంది. ఎదురు షాపుకు పసుపు ఫ్లెక్స్ ఉంటే నీ అక్షరాల్లో ఆ పసుపు ఆడుతుంది. నువ్వు దాన్ని ఆపలేవు, ముందే తెలుసుకుని అక్షరాన్ని కాస్త పక్కకు జరపగలవు.

రంగు ఫిల్మ్ గురించి కూడా అడిగావు. లోపల లైటు ఉన్న యాక్రిలిక్ బోర్డు మీద అద్భుతంగా ఉంటుందది. ఉత్త అద్దం మీద పగలు చూస్తే ఎరుపు రక్తం గడ్డలా, నీలం నల్ల సిరాలా ఉంటుంది, వెనక నుంచి వెలుగు రాదు గనక. రంగు కావాల్సిందే అని ఆయన పట్టుబడితే రంగు వెనక ఫ్రాస్టెడ్ ముక్క ఒకటి అదే ఆకారంలో వెయ్యి, బయట నుంచి పడిన వెలుతురు దాన్ని తగిలి తిరిగొచ్చి రంగు బతుకుతుంది. క్లియర్ వినైల్ అనే పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు తీయిస్తే తక్కువలో అయిపోతుందని ఎవరైనా చెబితే, ఆ ప్రింటరులో తెల్ల ఇంకు ఉందా అని అడుగు. తెలుపు పొర లేకుండా కొట్టిన ప్రింటు అద్దం మీద నీళ్ళ చాయలా పలుచగా ఉంటుంది.

ఇక అక్షరాలు. నువ్వు కోర్సులో నేర్చుకున్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలకు చెప్పిన పాఠాలు. మన అక్షరాలు వేరే ఒడుపు అడుగుతాయి. ప, ఘ, ష, స, హ చూడు. వీటి తలకట్టు చాలా ఫాంట్లలో ఒంటికి అంటుకోదు, విడిగా గాల్లో ఉంటుంది. ఫ్రాస్టెడ్ అక్షరాలు కోసి చుట్టూ ఉన్న వేస్టు లాగేటప్పుడు ఆ చిన్న టిక్కు వేస్టుతో పాటు లేచొచ్చేస్తుంది. ఖాళీ అక్షరాల్లో బెడద తిరగబడుతుంది. సున్నా లోపలి బొట్టు, ‘ర’ కడుపులో ముక్క, ‘వ’ కడుపులో ముక్క నిలవాలి, చుట్టూ ఉన్న గీత లేవాలి. అవి లేచిపోతే సున్నా ఒట్టి గుండ్రటి బొక్క అయి కూర్చుంటుంది. అక్షరాన్ని తోక చివర పట్టుకుని, దాదాపు కాగితానికి ఆనించినంత వాలుగా, నిదానంగా లాగు. మొండి ముక్కను కత్తిమొనతో నొక్కి పట్టు. మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. వేడికి జిగురు మెత్తబడి ఫిల్మ్ సాగుతుంది. పొద్దున్నే చేసుకో.

‘ధ’కు ‘ద’కు తేడా కింద ఉన్న చిన్న గీత. ‘ఢ’కు ‘డ’కు కూడా అంతే, ‘భ’లో ఆ గీతతో పాటు తలకట్టు కూడా ఉంటుంది. అలంకారంగా సన్నగీతల ఫాంటు ఎంచుకుంటే ఆ గీత నూలుపోగంత అవుతుంది, ఎవడో అద్దం తుడుస్తూ లేపేస్తాడు. ధనలక్ష్మి కాస్తా దనలక్ష్మి అయితే షాపాయన నీ మీద కేసు పెట్టినా పెడతాడు. నా లెక్క ఒకటే: అద్దం మీద ఏ గీతా 3 ఎం.ఎం. కన్నా సన్నగా ఉండకూడదు, రెండు గీతల మధ్య సందు కూడా అంతే. ఫాంటులో సన్నగా ఉంటే నువ్వే లావు చెయ్యి. సందులు మూసుకుపోతుంటే వత్తును కొంచెం కిందికి దించు. ఫాంటు ఇచ్చిందే వేదం కాదు. పాతకాలం బోర్డు ఆర్టిస్టులు ‘క్ష్మీ’ని తమకు నచ్చినట్టు సాగదీసేవాళ్ళు, దాంతోనే పేరుకు ఒక నడక వచ్చేది. పెన్నుతో గీసే కలంకారీ చూడాలనుకుంటే శ్రీకాళహస్తి నీకు గంట ప్రయాణం. ఒక గీత ఎక్కడ లావెక్కి ఎక్కడ సన్నబడుతుందో అక్కడ కూర్చుని చూడు, డిజైన్ వీడియోల్లో దొరకదది.

ఫాంట్లకు డబ్బు పెట్టనక్కర్లేదు. సిలికానాంధ్ర సంస్థవాళ్ళు ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లు చాలా ఉన్నాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. వాటిలో ధూర్జటి అని ఒకటుంది, మన కాళహస్తి కవి పేరే. అను ఫాంట్లు అలవాటుంటే అవీ మంచివే. డిజైన్ చేసే కోరల్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు విడిపోయి వత్తులు పక్కకు వచ్చేస్తాయి, అది ఫాంటు తప్పని తిట్టుకోవద్దు. అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఉత్త ఆకారాలుగా మార్చాక, వెల్డ్ కొట్టి ముక్కల్ని ఒకటిగా కలపడం మాత్రం మరవొద్దు. వత్తు, దీర్ఘం అసలు అక్షరం మీద కొంచెం ఎక్కి ఉంటాయి. స్క్రీన్ మీద అంతా ఒకే రంగు కాబట్టి తెలియదు, ఫిల్మ్ కోసే ప్లాటర్ మెషీను మాత్రం రెండు గీతల్నీ కోసేస్తుంది, అక్షరం మధ్యలో అడ్డంగా గాటు పడుతుంది. అంచు గీతలు మాత్రమే చూపే వైర్‌ఫ్రేమ్‌లో పెట్టి ఒకసారి చూస్తే దొరికిపోతుంది.

సైజు విషయంలో, పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అని సైన్‌బోర్డువాళ్ళు చెప్పే లెక్క ఇంగ్లీషు పెద్దక్షరాలకు పుట్టింది. తెలుగులో ఆరంగుళాల పేరు అంటే గుడి కొన నుంచి వత్తు అడుగు దాకా ఆరు. అందులో అక్షరం ఒళ్ళు మూడుకు అటూ ఇటూగా ఉంటుంది. నువ్వు ‘ర’ ఎత్తును కొలుచుకో. గాంధీ రోడ్డు ఇరుకు, నడిచే జనమే ఎక్కువ, ‘ర’ మూడంగుళాలు ఉంటే అవతలి ఫుట్‌పాత్‌కు చాలు. రేపు బైపాస్ రోడ్డు మీద షాపు వస్తే ఈ లెక్క పనికిరాదు, అక్కడ చదివేవాడు బండి మీద ఉంటాడు. తమిళం, కన్నడం, హిందీ కూడా అద్దం మీదే పెట్టమంటాడు ఆయన, యాత్రికుల ఊరు కదా. అవి పైనున్న బోర్డుకు పంపించు. అద్దం మీద ఒక్క పేరు, ఒక్క భాష. బోర్డు మీద తెలుగు పైన ఉండేలా చూడు.

తిరుపతిలో పేరు పక్కన శంఖు చక్ర నామాలు అడగని షాపు ఉండదు. ఫిల్మ్ లోపలి వైపు అతికిస్తావు కాబట్టి, లోపలే మంచిది, దుమ్మూ నీళ్ళూ తగలవు, ఫైలు మిర్రర్ చేసి కోస్తావు. పేరు తిరగబడితే ఎవరైనా చూసి చెబుతారు. శంఖచక్రాలు తారుమారైతే షాపు తెరిచిన రోజున ఏ పెద్దాయనో చెబుతాడు. స్వామికి చక్రం కుడిచేతి వైపు, శంఖం ఎడమచేతి వైపు. అంటే బయట నిలబడి చూసేవాడికి చక్రం ఎడమ పక్కన రావాలి. నామం నడుము కన్నా పైన ఉండాలి, కింద పెడితే కాళ్ళు తగులుతాయి, చీపురు తగులుతుంది. తలుపు అద్దానికి నాలుగైదు అడుగుల ఎత్తులో ఒక ఫ్రాస్టెడ్ పట్టీ అడ్డంగా వెయ్యి, ఆయన అడక్కపోయినా సరే. కొండ మీంచి కొత్త గుండుతో దిగినవాళ్ళు తలుపు లేదనుకుని నేరుగా నడిచొస్తారు.

అతికించే రోజు బోరు నీళ్ళు వాడకు. ఉప్పు నీళ్ళు ఆరాక ఫిల్మ్ కింద తెల్లమచ్చలు వదులుతాయి, ఖాళీ అక్షరాల అంచుల దగ్గర అవి బాగా తెలుస్తాయి. మంచినీళ్ళ క్యాన్ ఒకటి తీసుకుని, స్ప్రే సీసాలో రెండు మూడు చుక్కలు షాంపూ వెయ్యి. ఎక్కువేస్తే జిగురు పట్టదు. అద్దం మూలల్లో పాత పెయింటు, సిమెంటు మరకలు బ్లేడుతో గీకి, ఒకసారి కడిగి తుడిచి, మళ్ళీ కడుగు. ఫిల్మ్ అంచును అద్దం చుట్టూ ఉన్న సిలికాన్‌కు తాకనివ్వకుండా 2, 3 ఎం.ఎం. వదులు, లేకపోతే అక్కడి నుంచే లేవడం మొదలవుతుంది. నీళ్ళు తోసే రబ్బరు పట్టీ, స్క్వీజీ, మధ్య నుంచి బయటికి లాగు. పని అయ్యాక కొన్నాళ్ళు ఫిల్మ్ కింద పొగలాంటి మచ్చలు ఉంటాయి, ఆ తేమ దానంతటది ఆరుతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే మర్నాడే ఫోను వస్తుంది. షాపు పడమటి ముఖమైతే సాయంత్రం ఎండ ఖాళీ అక్షరాల గుండా దూరి లోపలి నేల మీద పేరు పరుస్తుంది. అది షాపాయనకు ఊరికే వచ్చే అలంకారం, చెప్పు, సంతోషపడతాడు.

రాత్రి కోసం ఫిల్మ్ వెనక పైనుంచి ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్ అడుగు. వెండికి 6500 కెల్విన్ తెల్ల వెలుగే నప్పుతుంది. స్వీట్ల షాపైతే 3000 వేయించేవాణ్ని, ఫ్రాస్టెడ్ మీద అది వెన్న రంగు ఇస్తుంది. స్ట్రిప్ బల్బులు చుక్కలు చుక్కలుగా కనబడకుండా ఫిల్మ్‌కు కాస్త దూరంగా ఉండాలి.

బిల్లులో ఫిల్మ్‌కు చదరపు అడుగు లెక్క రాసి, డిజైన్‌కు, వేస్టు తీసే పనికి విడిగా రాయి. రేడియం షాపులవాళ్ళు అన్నీ కలిపి అడుగుకు ఇంత అని చెబుతారు, షాపాయన ఆ ధరతో నిన్ను పోలుస్తాడు. వాళ్ళు కోసేది బండి నంబర్లు. ఖాళీ అక్షరాల పనిలో ఫిల్మ్ ఖర్చు కొంచెమే, చేతి పని చాలా. అద్దం తుడిచే కుర్రాడికి కూడా ఒక మాట చెప్పు: మెత్తటి గుడ్డ, నీళ్ళు, అక్షరం అంచుకు అడ్డంగా రుద్దొద్దు.

అద్దం కొలతలు పైన, మధ్యన, కింద మూడు చోట్లా తీసుకో, ఏ అద్దమూ అంతటా ఒకేలా ఉండదు. కొలతలతో పాటు షాపు పేరు ఏ ఫాంటులో పెట్టావో వాట్సాప్ చెయ్యి. వత్తుల దగ్గర ఎక్కడ దించాలో, ఎక్కడ లావు చెయ్యాలో పెన్సిలుతో గుర్తులు పెట్టి ఫోటో తీసి పంపిస్తాను. అమ్మకు అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మేనమామ