అమ్మానాన్నలతో దోర్దోన్ నదీలోయకి వెళ్తున్నారా? తొమ్మిది ఊళ్ళు వద్దు, ఒక్క ఊళ్ళో ఉండండి

జూన్‌లో పారిస్ చూశాక నాలుగు రోజులు నైరుతి ఫ్రాన్స్‌లోని దోర్దోన్ నదీలోయకి వెళ్దామనుకుంటున్నామని, లిస్టులో తొమ్మిది ఊళ్ళున్నాయని రాశారు. అమ్మగారు పూర్తి శాకాహారి, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, ఇదంతా కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. తప్పకుండా వెళ్ళండి. కానీ ఆ తొమ్మిదిలో ఐదు ఊళ్ళు ఇప్పుడే కొట్టేయండి.

నేను ఉద్యోగరీత్యా తులూజ్‌లో ఉంటాను. అక్కడి నుంచి ఆ లోయకి కారులో రెండు గంటలకి కొంచెం పైన. రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి స్నేహితులతో, రెండు రోజుల్లో ఏడు ఊళ్ళు. ఇప్పుడా ఫోటోలు తీస్తే ఏ సందు ఏ ఊరిదో చెప్పలేను. పార్కింగ్ వెతుక్కోవడం, ఎక్కడం, దిగడం, మళ్ళీ కారు. రెండోసారి అమ్మ వచ్చినప్పుడు వెళ్ళాం. బేనాక్ అనే ఊరి దగ్గర వంటగది ఉన్న చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని ఐదు రాత్రులు అక్కడే ఉన్నాం. అలాంటి ఇళ్ళని అక్కడ జీత్ అంటారు. ఆ ఐదు రోజులూ నాకు గంట గంటా గుర్తున్నాయి.

ఒకే చోట ఉండమనడానికి అసలు కారణం సాయంత్రాలు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటాక గానీ పొద్దుగుంకదు. పగలు బస్సుల్లో, కార్లలో వచ్చినవాళ్ళు ఆరు, ఆరున్నరకల్లా వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఇంకా మూడు గంటల వెలుతురు ఉంటుంది, వీధులు ఖాళీగా ఉంటాయి. మధ్యాహ్నం ఎండకి పాలిపోయినట్టుండే సున్నపురాయి గోడలు ఆ వేళకి కొత్త బెల్లం రంగులోకి తిరుగుతాయి. ఊళ్ళ వెంట పరుగెత్తేవాళ్ళు సరిగ్గా ఆ సమయానికి హైవే మీద ఉంటారు. మొదటిసారి మేమూ అక్కడే ఉన్నాం.

బేనాక్‌లో కోట ఏటవాలు కొండ అంచున ఉంటుంది, ఊరు దాని కింద నది దాకా మెట్లు మెట్లుగా దిగుతుంది. నది అవతలి గట్టున, కాస్త ఎగువగా, కాస్తెల్నో కోట కనిపిస్తుంది. అమ్మ మొదటి సాయంత్రమే అడిగింది, ఆ ఎదురు కోట ఎవరిదని. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడంలో లోయ చరిత్రంతా వచ్చేసింది. 1152లో ఫ్రాన్స్ రాజుతో పెళ్ళి రద్దయిన ఎలియనోర్ రాణి, అదే ఏడాది హెన్రీని పెళ్ళాడింది. రెండేళ్ళకి ఆయన ఇంగ్లండ్‌కి రాజయ్యాడు. ఆమెకి పుట్టింటి నుంచి వచ్చిన ఆకితేన్ ప్రాంతం అలా ఇంగ్లండ్ రాజుల కిందకి వెళ్ళింది. ఆ తగవు ముదిరి ముదిరి 1337 నుంచి 1453 దాకా సాగిన నూరేళ్ళ యుద్ధంలో ఈ నదే చాలాచోట్ల సరిహద్దయింది. బేనాక్ ఎక్కువకాలం ఫ్రెంచి రాజు వైపు, కాస్తెల్నో ఎక్కువకాలం ఇంగ్లీషువాళ్ళ వైపు. ఆఖరి పెద్ద యుద్ధం కూడా ఈ నది ఒడ్డునే, బాగా దిగువన కాస్తియోఁ దగ్గర జరిగింది. అంతా విని అమ్మ అంది, "అయితే పొద్దున్న లేస్తే వీళ్ళకి పగవాళ్ళ పొయ్యిలో పొగ కనిపించేదన్నమాట." ఆ కోటల గురించి నేను చదివినవాటిలో ఏదీ నాకు ఇంత బాగా అర్థం కాలేదు.

నాన్నగారి మోకాళ్ళ సంగతి. బేనాక్‌లో నది ఒడ్డున కారు ఆపి కోట దాకా ఎక్కించకండి. నిటారుగా ఉంటుంది, పైగా గులకరాళ్ళ దారి. కోట పక్కనే పైన ఇంకో పార్కింగ్ ఉంది, వెనక రోడ్డు నుంచి అక్కడికి వెళ్ళొచ్చు. పైన కోట చూపించి, మీరు ఒక్కరే నడిచి కిందకి దిగి ఊరు చూసి రండి. కోట లోపల మెట్లు అరిగిపోయి ఉంటాయి కాబట్టి ముందు గదులు చూశాక ఆయన్ని కూర్చోబెట్టడమే మంచిది. కాస్తెల్నోలో మధ్యయుగపు యుద్ధ పరికరాల మ్యూజియం ఉంది, బయట పెద్ద పెద్ద రాళ్ళు విసిరే యంత్రాలు నిలబెట్టి ఉంటాయి. పిల్లలుంటే అది వదలకండి. పెద్దవాళ్ళకి ఒక్క కోట చాలు.

ఇక నది. మా ఊరు గోదావరి గట్టున కొవ్వూరు. అమ్మకి నది చూపిస్తానని తీసుకెళ్తే, ఇంత చిన్నదా అంటుందేమోనని నాకు కొంచెం టెన్షన్‌గానే ఉండింది. నిజంగానే వేసవిలో దోర్దోన్ చాలాచోట్ల లోతు తక్కువ, కింద గులకరాళ్ళు కనిపిస్తాయి. అయితే లా రోక్ గజాక్‌లో పడవ ఎక్కాక అమ్మ మాట్లాడటం మానేసి అలా చూస్తూ ఉండిపోయింది. ఆ పడవల్ని గబార్ అంటారు. అడుగు చదునుగా ఉండే పాతకాలపు సరుకు పడవలకి ఇవి నకళ్ళు. పూర్వం ఎగువ కొండల్లోని కలపని ద్రాక్షతోటల ఊతకర్రలకీ, వైన్ పీపాలకీ వీటిలోనే దిగువకి తెచ్చేవాళ్ళు. ప్రవాహానికి ఎదురు వెనక్కి తీసుకెళ్ళడం కష్టం కాబట్టి, ఎగువ నుంచి వచ్చిన పడవల్ని సరుకు దింపాక విడగొట్టి, ఆ చెక్క కూడా అమ్మేసేవాళ్ళట. పడవవాళ్ళు కాలినడకన ఇంటికి తిరిగెళ్ళేవాళ్ళు. రైలు వచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. ఈ సంగతి చెప్తే, లాంచీల మీద సరుకు నడిచిన రోజులు అమ్మ గుర్తు చేసుకుంది. షికారు గంటలోపే అయిపోతుంది, ఎక్కడం దిగడం తేలిక. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి లోయలో ఇంతకన్నా మంచి ప్రయాణం లేదు. మీకు ఓపికుంటే ఒక పూట మీరు మాత్రం అద్దె పడవ తీసుకుని లా రోక్ నుంచి బేనాక్ దాకా తెడ్డు వేసుకుంటూ వెళ్ళండి, అక్కడి నుంచి వాళ్ళ వ్యానులోనే వెనక్కి తీసుకొస్తారు.

లా రోక్ గజాక్ అంటే నదికీ కొండకీ మధ్య ఇరుక్కున్న ఒకే ఒక్క వరస ఇళ్ళు. 1957 జనవరిలో ఆ కొండ చరియ ఊరి మీద విరిగిపడి ముగ్గురు చనిపోయారు. పైకి చూస్తే రాయి కొత్తగా తెల్లగా ఉన్నచోటు ఇప్పటికీ తెలుస్తుంది. అదే కొండ దక్షిణానికి తిరిగి ఉండటం వల్ల ఎండ వేడిని దాచుకుంటుంది. అందుకే ఆ ఊళ్ళో తాటిజాతి చెట్లూ, అరటిచెట్లూ పెరుగుతాయి. ఇంటి గోడ పక్కన అరటి ఆకు కనిపించగానే అమ్మ ఆగిపోయి చేత్తో తడిమి చూసింది. కొండకింద వీధి చదునుగానే ఉంటుంది, నాన్నగారు హాయిగా నడవగలరు.

దోమ్ ఊరు కొండ నెత్తిన ఉంది. 1281లో ఫ్రాన్స్ రాజు మూడో ఫిలిప్ కట్టించిన కోటపట్టణం, వీధులు అడ్డంగా నిలువుగా గళ్ళలా ఉంటాయి. కారు పైదాకా వెళ్తుంది. గట్టు అంచున నిలబడితే లోయంతా కాళ్ళకింద పరిచినట్టు కనిపిస్తుంది. గంటన్నర చాలు.

తిండి విషయం జాగ్రత్తగా చదవండి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఈ ప్రాంతం వంటంతా బాతు, పెద్దబాతుల మీద నడుస్తుంది. కనిపించే మాంసం మానేస్తే సరిపోదు, వంటకి వాడే కొవ్వు కూడా వాటిదే. ఇక్కడి సార్లా పట్టణం పేరుతో దొరికే వెల్లుల్లి బంగాళదుంప వేపుడు ప్రతి మెనూలో ఉంటుంది. చూస్తే అచ్చం మన వేపుడే. దాన్ని బాతు కొవ్వులో వేయిస్తారు. మొదటి ట్రిప్‌లో మాతో వచ్చిన ఒక స్నేహితుడు పుట్టుకతో శాకాహారి. ఒక హోటల్లో, మాంసం లేదు కదా అని అడిగితే లేదన్నారు. సగం తిన్నాక తెలిసింది. ఆ రాత్రి అతను పడ్డ బాధ చూశాక నేను ఈ విషయం ఎవరు అడిగినా మొట్టమొదట చెప్తున్నాను. "వెజిటేరియన్" అన్న మాట ఒక్కటే అనకండి. "సాఁ వియాఁద్, సాఁ గ్రెస్ ద కనార్" అని అడగండి. మాంసం లేకుండా, బాతు కొవ్వు లేకుండా అని అర్థం. సలాడ్లలో కూడా మేకపాల జున్ను పక్కన పంది ముక్కలో, బాతు కందనకాయలో వేస్తారు కాబట్టి అక్కడా ఇదే మాట.

మరి ఏం తినొచ్చు? చాలానే ఉంది. కాబెకూ అనే చిన్న గుండ్రటి మేకపాల జున్ను, వాల్‌నట్ రొట్టె, సలాడ్ మీద వాల్‌నట్ నూనె. ఈ నేల వాల్‌నట్లకి పేరుపొందినది, నది పక్కన తోటలకి తోటలే కనిపిస్తాయి. ఆ నూనె వాసన అమ్మకి ఎంత నచ్చిందంటే, రెండో రోజు నుంచి వేడన్నంలో కందిపొడి మీద నెయ్యికి బదులు అదే వేసుకుంది. జూన్ కాబట్టి మీకు స్ట్రాబెర్రీలు కూడా దొరుకుతాయి, పారిస్ సూపర్ మార్కెట్‌లో దొరికేవాటికీ వీటికీ పోలికే లేదు. అయితే జున్ను తయారీలో దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడే అలవాటుంది. అమ్మగారు ఆ విషయం పట్టించుకుంటారేమో ముందే కనుక్కోండి.

వంటగది ఉన్న ఇల్లు తీసుకోమనడం కూడా ఇందుకే. బియ్యం, కూరగాయలు అక్కడే దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు, పొడులు వెంట తీసుకెళ్ళండి. నెయ్యి, పాలతో చేసిన మిఠాయిలు మాత్రం పెట్టుకోకండి. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకురానివ్వరు. బయట తినాలనుకుంటే మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా కూర్చోండి. రెండు దాటితే చాలాచోట్ల వంటిల్లు మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడు తర్వాతే.

సార్లా ఈ ఊళ్ళన్నిటికీ పెద్ద పట్టణం. బుధవారం, శనివారం సంత. శనివారం సంత పెద్దది, కానీ కిక్కిరిసి ఉంటుంది. పెద్దవాళ్ళతో అయితే బుధవారం పొద్దున్న తొమ్మిది లోపు వెళ్ళడం మేలు. అక్కడి పాత ఇళ్ళు అంత నిండుగా ఎలా మిగిలాయంటే, 1962లో సాంస్కృతిక మంత్రి ఆంద్రె మల్రో తెచ్చిన చట్టం వల్ల. అప్పటిదాకా గుడినో, కోటనో విడిగా కాపాడేవాళ్ళు. ఆ చట్టం పాత పేటని పేటగా కాపాడమంది. దాని కింద మొదట బాగుచేసిన ఊళ్ళలో సార్లా ఒకటి. పాత పేట ఎక్కువ భాగం చదునే.

కోటలంటే నాన్నగారికి విసుగు పుడితే మిలాంద్‌కి తీసుకెళ్ళండి. అదీ కోటే, కానీ అక్కడి కథ వేరు. అమెరికాలో పేద నల్లజాతి కుటుంబంలో పుట్టి పారిస్‌లో నాట్యంతో పేరు తెచ్చుకున్న జోసెఫీన్ బేకర్ ఇల్లది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రెంచి ప్రతిఘటన కోసం రహస్యంగా పనిచేసింది. 1947లో ఆ కోట కొని, వేర్వేరు దేశాల నుంచి పన్నెండుమంది పిల్లల్ని తెచ్చి పెంచుకుంది. అప్పులు పెరిగి కోట అమ్ముడుపోయింది, 1969లో ఆమెని అక్కడి నుంచి బయటికి పంపేశారు. 2021లో అదే దేశం, తన గొప్పవాళ్ళని గౌరవించే పారిస్‌లోని పాంతెయోఁలో ఆమెకి చోటిచ్చింది. అమ్మ ఆ గదుల్లో మిగతా అన్నిచోట్లకన్నా ఎక్కువసేపు నిలబడింది. బయటికొచ్చాక "పన్నెండుమందికీ అన్నం ఎలా పెట్టేదో" అని మాత్రం అంది.

లిస్టులో రాసిన రోకమదూర్ ఈ నది మీద లేదు, దక్షిణంగా ఇంకో చిన్న లోయలో ఉంది. పైనున్న చర్చిల దాకా 216 మెట్లున్నాయి, కానీ లిఫ్టులు కూడా ఉన్నాయి కాబట్టి వెళ్ళాలనుకుంటే తిరుగు ప్రయాణంలో ఒక పూట పెట్టుకోండి. ఆదిమానవుల బొమ్మలున్న లాస్కో గుహ అసలుది 1963 నుంచి మూసే ఉంది. మీరు చూసేది 2016లో తెరిచిన పూర్తి నకలు. అయినా చూడదగ్గదే, టికెట్ మాత్రం ముందే బుక్ చేయండి. మిగిలిన ఊళ్ళు ఈసారికి వదిలేయండి.

కారు తప్పదు. పారిస్ నుంచి రైల్లో బోర్దో దాకా రెండు గంటల పైచిలుకు, అక్కడి నుంచి సార్లాకి చిన్న రైలు ఉంది, కానీ ఊరికీ ఊరికీ మధ్య బస్సుల్ని నమ్ముకుని ప్లాన్ చేయలేం. బోర్దోలోనో, బ్రీవ్‌లోనో కారు తీసుకోండి. ఆటోమేటిక్ కావాలంటే ఇప్పుడే బుక్ చేసి, అదే ఇస్తామని రాతలో తీసుకోండి. మాకు కౌంటర్ దగ్గరికెళ్ళాక గేర్ల కారు చేతిలో పెట్టారు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇండియా నుంచే తీసుకెళ్ళాలి. బోర్డేమీ లేని కూడళ్ళలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి, అది చిన్న సందులోంచి వచ్చినా సరే. మనకి అలవాటు లేని నియమం కాబట్టి మొదటి రోజంతా దాని మీదే మనసు పెట్టండి.

మీ తేదీలు, పారిస్ నుంచి బయల్దేరే రోజు చెప్పండి. బుధవారం సంత కలిసొచ్చేలా నాలుగు రోజులూ ఎలా సర్దుకోవచ్చో రాస్తాను.