సింక్ ఉంది కదా అని ఊరుకోకండి

ఇంట్లో ఫైర్‌ఫాక్స్, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో క్రోమ్, బుక్‌మార్కులేమో ఒకచోట ఉన్నవి ఇంకోచోట ఉండవు, ఉన్నచోట కూడా వెతికితే దొరకవు. ఇదే కదండీ మీ బాధ? మొదటి సగం, అంటే అన్నిచోట్లా ఉండేలా చేసుకోవడం, సులువే.

ఒకే బ్రౌజర్ వాడేవాళ్లకు దాని సొంత సింక్, అంటే ఒకచోట దాచింది అన్ని పరికరాల్లోనూ కనిపించేలా చేసే సదుపాయం, సరిపోతుంది. మీలా రెండు తప్పనివాళ్లకు ఫ్లాకస్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఉంది. గూగుల్ డ్రైవో, నెక్స్ట్‌క్లౌడో, ఇలా ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచే చోటును మధ్యలో పెట్టి రెండు బ్రౌజర్లనీ కలుపుతుంది. మొత్తం అక్కర్లేదు, ఒక్క ఫోల్డరే కలపమన్నా కలుపుతుంది. ఆఫీసు మెషీన్‌లో నేను చేసేది అదే. కంపెనీ ల్యాప్‌టాప్‌లో సొంత అకౌంట్‌తో సింక్ ఆన్ చేస్తే మీ బ్యాంకు లింకులు, పిల్లల స్కూలు లింకులు అన్నీ అక్కడికి చేరతాయి. ఉద్యోగం మానేసే రోజు వాటిని ఏరుకుంటూ కూర్చోవాలి. అసలు ఎక్స్‌టెన్షన్లు వేసుకోనివ్వని ఆఫీసులూ ఉంటాయి, ముందు కనుక్కోండి.

అయితే సింక్ బ్యాకప్ కాదు. ఫోన్‌లో చెయ్యి తగిలి ఒక ఫోల్డర్ పోతే కాసేపటికి ఇంట్లోనూ పోతుంది. దాని పనే అది మరి! అందుకని నెలకోసారి బుక్‌మార్కులన్నిటినీ ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పడేస్తాను. రెండు బ్రౌజర్లలోనూ కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కితే బుక్‌మార్కుల కిటికీ తెరుచుకుంటుంది, అక్కడ హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దించుకోవచ్చు. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, మొదటి వరుసలోనే నెట్‌స్కేప్ పేరుంటుంది. ఆ బ్రౌజర్‌కు 2008లోనే మంగళం పాడేశారు, దాని ఫైలు పద్ధతిని మాత్రం క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ ఇప్పటికీ చదువుతున్నాయి. లింకులు దాచిపెడతామన్న సర్వీసులేమో ఎక్స్‌మార్క్స్ 2018లో, గూగుల్ బుక్‌మార్క్స్ 2021లో, పాకెట్ 2025లో వరసగా మూతపడ్డాయి. కొత్తది ఏది ఎవరు చెప్పినా నేను ముందు చూసేది ఎక్స్‌పోర్ట్ ఉందా లేదా అనే.

ఒక జాగ్రత్త. ఫైర్‌ఫాక్స్‌లో ‘ఇంపోర్ట్’ చేస్తే ఉన్నవాటికి కొత్తవి కలుస్తాయి, ‘రిస్టోర్’ చేస్తే ఉన్నవి పోయి పాతవి వచ్చి కూర్చుంటాయి. ఒకే ఫైలును రెండుసార్లు ఇంపోర్ట్ చేశారంటే ప్రతి లింకుకీ ఒక కవల పుడుతుంది.

ఇక దొరకడం సంగతి. ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోవడం మీద నాకు నమ్మకం లేదు. బుక్‌మార్క్ పేరు మార్చుకోవడంలోనే ఉంది కిటుకంతా. పాత తెలుగు పుస్తకాల లింకులు పోగుచేయడం నాకు అలవాటు. ఆ పేజీల పేర్లు చాలావరకు వంకర ఇంగ్లిషు స్పెల్లింగులో ఉంటాయి. దాచేటప్పుడే పుస్తకం పేరు, రచయిత పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లిషు అక్షరాల్లో ఒకసారి రాసేస్తాను, తెలుగు కీబోర్డు లేని కంప్యూటర్లోనూ వెతకాలి కదా. తర్వాత ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో * కొట్టి ఒక ఖాళీ వదిలి ఆ పేరు టైప్ చేస్తే బుక్‌మార్కుల్లోంచే తీసి చూపిస్తుంది. క్రోమ్‌లో అయితే @ కొట్టగానే ఆ ఎంపిక వస్తుంది.

పాత పుస్తకాల స్కాన్లు పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు ఆగిపోయినప్పుడు ఆ లింకులేవీ తెరుచుకోలేదు. పేర్లు రాసిపెట్టుకున్నాను కాబట్టి అవే పుస్తకాల్లో చాలావాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మళ్లీ పట్టుకోగలిగాను. లాగిన్ అయ్యాక కనిపించే లోపలి పేజీలను మాత్రం ఏ పేరుతోనూ దాచకండి. లాగిన్ గడువు (సెషన్) అయిపోతే అవి తెరుచుకోవు, ఆ సైటు మొదటి పేజీని దాచుకుంటే చాలు.