వాడి జ్ఞాపకాలు ఇప్పుడే మొదలవుతున్నాయి

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. మాది తెనాలి. మావారికి ఎలక్ట్రికల్ షాపు ఉంది, సరుకు కోసం వారం వారం విజయవాడ వెళ్ళొస్తుంటారు. బాబు పదో తరగతి అయ్యాక ఈ జూన్‌లో విజయవాడలో ఎంపీసీలో చేరాడు, హాస్టల్లో ఉంటున్నాడు. పాప ఏడో తరగతి, దానితో ఏ ఇబ్బందీ లేదు. బాబు చిన్నప్పుడు స్కూలు నుంచి రాగానే వంటింటి గట్టెక్కి కూర్చుని ఆ రోజు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఇప్పుడు నెలకోసారి ఔటింగ్‌కి వెళ్తే 'బాగానే ఉన్నా', 'తింటున్నా', 'ఊఁ' తప్ప ఇంకో మాట రాదు. రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక ఫోన్‌లో వాడి పాత వీడియోలు చూస్తూ ఏడుస్తున్నాను. సెప్టెంబర్లో వాడి పుట్టినరోజున, రెండేళ్ళప్పుడు బట్టల్లేకుండా టబ్బులో ఆడుకుంటున్న ఫొటో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ ముచ్చటపడ్డారు. దసరా సెలవులకి వచ్చి అది చూసి పెద్ద గొడవ చేశాడు. 'నా పరువు తీశావ్' అని రెండు రోజులు మాట్లాడలేదు. మావారు 'మగపిల్లాడు, ఎదుగుతున్నాడు, వదిలెయ్' అంటారు. అత్తయ్యగారు ఇదంతా నా గారాబం వల్లే అంటారు. నా కొడుకు నాకు దూరమైపోయాడా? ఎక్కడ తప్పు చేశాను?

సలహా: ముందు ఫొటో సంగతి తేల్చేద్దాం. మీరు అడిగినవాటిలో సూటిగా జవాబు చెప్పగలిగింది అదొక్కటే. తప్పు మీదే.

మీకది రెండేళ్ళ పిల్లాడి ఫొటో. వాడికది తన ఒళ్ళు. ఆ గ్రూపులో మీ ఆడపడుచులు, తోడికోడళ్ళు మాత్రమే ఉన్నారనుకుంటున్నారేమో. వాళ్ళ పిల్లలూ ఉంటారు, వాడి ఈడువాళ్ళు. మరదలి వరసయ్యే అమ్మాయిలు కూడా ఉంటారు. వచ్చే సంక్రాంతికి అందరూ ఒక చోట చేరినప్పుడు ఎవరో ఒకరు ఆ ఫొటో మాట ఎత్తుతారని పదహారేళ్ళ పిల్లాడికి తెలుసు. పెద్దవాళ్ళం నవ్వి మర్చిపోతాం. ఆ వయసులో అది చచ్చేంత సిగ్గు.

కాబట్టి క్షమాపణ చెప్పండి. తల్లి కొడుక్కి క్షమాపణ చెప్పడమేమిటని మీ అత్తయ్యగారు అంటే అననివ్వండి. 'నిన్ను అడక్కుండా పెట్టాను, తప్పయింది' అని ఆపేయండి. తర్వాత 'కానీ' అని మొదలుపెట్టకండి. 'కానీ నాకు ముద్దొచ్చి పెట్టాను రా', 'కానీ నువ్వు నా కొడుకువే కదా' అన్నారంటే ఆ క్షమాపణ ఎందుకూ కొరగాకుండా పోతుంది. వాట్సాప్‌లో అందరికీ కనబడకుండా డిలీట్ చేసే వీలు రెండు రోజుల పైచిలుకు మాత్రమే ఉంటుంది, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. గ్రూపులో ఒక ముక్క రాయండి: 'ఆ ఫొటో బాబుకి ఇష్టం లేదు, దయచేసి మీ ఫోన్లలోంచి తీసేయండి.' చివర నవ్వే బొమ్మలు పెట్టొద్దు. అందరూ తీసేస్తారని కాదు, అమ్మ తన తరఫున నలుగురిలో మాట్లాడిందని వాడికి తెలియాలి. ఇకమీదట వాడి ఫొటో ఏది పెట్టాలన్నా ముందు వాడికి చూపించండి.

ఇక మీ అసలు బాధ. దూరమైపోయాడా అని అడిగారు. దూరమైన పిల్లలు గొడవ చేయరండీ. మూగనోము పట్టినట్టు ఉండిపోతారు, మనల్ని దాటుకుని వెళ్ళి తలుపేసుకుంటారు. మీ వాడు మీ మొహం మీదే 'నా పరువు తీశావ్' అన్నాడు. ఆ మాట అనగలిగే చనువు వాడికి మీరిచ్చిందే. అత్తయ్యగారు గారాబం అంటున్నది దాన్నే అయితే, చేసినందుకు నేనైతే సంతోషిస్తాను.

రాత్రిళ్ళు వీడియోలు చూడటం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆ వీడియోల్లో ఉన్న పిల్లాడు మీకు జ్ఞాపకం. వాడికి మాత్రం కాదు. మనుషుల్లో ఎక్కువమందికి మూడు, మూడున్నర ఏళ్ళకి ముందు జరిగినవేవీ గుర్తుండవు. ఆ తర్వాత ఒక రెండు మూడేళ్ళవి కూడా తునకలు తునకలుగానే ఉంటాయి. భోగిపళ్ళు పోస్తుంటే కళ్ళు మూసుకుని ఏడ్చాడని, అక్షరాభ్యాసం నాడు పలక మీద పోసిన బియ్యం నోట్లో పెట్టుకున్నాడని మీరు ఎన్నిసార్లు చెప్పినా వాడు వినేది ఇంకెవరి కథో. మనస్తత్వశాస్త్రంలో ఇంకో విషయం చాలాకాలంగా గమనించారు. నడివయసు దాటినవాళ్ళని మీ జీవితంలో గుర్తున్నవి చెప్పండి అని అడిగితే, వాళ్ళు చెప్పేవాటిలో ఎక్కువ భాగం పదేళ్ళకీ ముప్పై ఏళ్ళకీ మధ్య జరిగినవే ఉంటాయి. అంటే మీ అబ్బాయి యాభై ఏళ్ళ వయసులో 'మా అమ్మ' అని ఎవరికైనా చెప్పబోతే, అందులో ఆ టబ్బు ఉండదు. ఈ నాలుగైదేళ్ళలో మీరు ఎలా ఉన్నారో అది ఉంటుంది. అయిపోయిందని మీరు ఏడుస్తున్నారు, అక్కడ వాడికి ఇప్పుడే మొదలవుతోంది.

నా సంగతే చెబుతాను. నేను ఇంటర్ గుంటూరులో హాస్టల్లో ఉండి చదివాను. 1980ల మాట. మా నాన్న నెలకోసారి ఊరి నుంచి బస్సులో వచ్చేవారు. గేటు లోపల వేపచెట్టు కింద అరుగు మీద కూర్చునేవాళ్ళం. చదువెలా ఉందని ఒక్కసారి కూడా అడిగిన గుర్తు లేదు. గేదె ఈనిందని, దూడ తెల్లమచ్చతో పుట్టిందని, పక్క చేనువాళ్ళతో గట్టు తగాదా ఇంకా తెగలేదని చెప్పేవారు. చెబుతూ వేరుశనక్కాయల పొట్లం విప్పేవారు. ఇద్దరం ఒలుచుకుని తినేవాళ్ళం. మూడున్నర బస్సుకి వెళ్ళిపోయేవారు. అన్నప్రాసన నాడు నేను ఏం పట్టుకున్నానో అమ్మ వందసార్లు చెప్పింది, అది నాకు ఇప్పటికీ కథే. ఆయన పంచె మీద పడ్డ వేరుశనక్కాయ పొట్టు మాత్రం కళ్ళముందే ఉంది.

ఆ రోజుల్లో నేను కూడా ఆయనకి ఏమీ చెప్పలేదు, మీ వాడిలాగే. 'ఊఁ' అనేదాన్ని. దానర్థం నాకు ఆయన అక్కర్లేదని కాదు.

మీ ఔటింగ్ ఎలా జరుగుతుందో ఊహించగలను. పొద్దున్నే లేచి పులిహోర, చికెన్ వేపుడు, జంతికలు, సున్నుండలు, రెండు రకాల పచ్చళ్ళు. హాస్టల్ చేరేసరికి పదకొండు. కూర్చోగానే మూడు ప్రశ్నలు. 'తింటున్నావా? చిక్కిపోయావేంటి? వీకెండ్ టెస్టులో మూడొందలకి ఎన్నొచ్చాయి?' వాడు వారమంతా అదే అంకె చుట్టూ తిరుగుతున్నాడు. లెక్చరర్ అడుగుతాడు, నోటీసుబోర్డు మీద ఉంటుంది, పక్క బెడ్ వాడు అడుగుతాడు. ఒక్క పూట దొరికిన బయటి మనిషి కూడా అదే అడిగితే 'ఊఁ' కాక ఏమంటాడు?

ఈసారి అడగడం తగ్గించి చెప్పడం పెంచండి. ఇంటి కబుర్లు చెప్పండి. ఎదురింటి వాళ్ళు మేడ మీద గది వేస్తున్నారని, ఇడ్లీ బండి వేరే సందులోకి మారిందని, వాడి సైకిల్ని చెల్లెలు తొక్కుతోందని. వాడు లేకపోయినా ఇల్లు నడుస్తోందని, వాడి చోటు అలాగే ఉందని ఆ మాటల్లోనే తెలుస్తుంది. ఇంకో చిన్న చిట్కా: ఎదురెదురుగా కూర్చుంటే ఈ వయసు పిల్లలు ముడుచుకుపోతారు. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, బండి మీద వెనక కూర్చున్నప్పుడో మాట దొర్లుతుంది. చెరుకురసం తాగడానికి నాలుగు వీధులు నడవండి.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు పొద్దున తొమ్మిదైనా లేవలేదని లేపకండి. ఈ వయసులో శరీరంలోని గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్రపట్టడం ఆలస్యమవుతుంది. వాళ్ళకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. ఐదింటికి బెల్లు కొట్టే హాస్టల్లో అది ఎక్కడ దొరుకుతుంది? (పదిహేనేళ్ళకే పిల్లల్ని హాస్టల్లో వేయడం నాకు నచ్చని పని. చేర్చేశారు కాబట్టి ఆ చర్చ ఇప్పుడు మీకు ఉపయోగపడదు.) అదీగాక, వాడు నోరు విప్పితే రాత్రి పదకొండింటికే విప్పుతాడు. మంచినీళ్ళ కోసమని వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడతాడు చూడండి, అప్పుడు. మీరు ఆ టైంకి అక్కడ ఏదో ఒక పని పెట్టుకోండి. పప్పు నానబోస్తున్నట్టు. సలహా ఇవ్వకుండా వినండి.

వాడికి కథలు చెప్పాలని ఉంటే చెప్పండి, కానీ వాడి రెండేళ్ళప్పటివి కాదు, మీ పదహారేళ్ళప్పటివి. అమెరికాలో ఎమొరీ యూనివర్సిటీకి చెందిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివష్ అనే ఇద్దరు సైకాలజిస్టులు పిల్లలకి 20 ప్రశ్నల జాబితా ఒకటి తయారుచేశారు. మీ అమ్మానాన్న ఎలా కలిశారో తెలుసా, వాళ్ళు ఎక్కడ పెరిగారో తెలుసా, ఇలాంటివి. ఇంటి కథలు ఎక్కువగా తెలిసిన పిల్లల్లో తమ మీద తమకి నమ్మకం కూడా ఎక్కువ కనిపించింది. కథలు చెబితే చాలు, పిల్లలు గట్టిపడిపోతారని కాదు. కూర్చుని మాట్లాడుకునే ఇళ్ళల్లో ఆ రెండూ కలిసి ఉంటాయి. మీవారు షాపు పెట్టిన కొత్తల్లో ఎంత నష్టం వచ్చింది, మీరు లెక్కల్లో తప్పారా, పెళ్ళిచూపుల్లో ఎవరు ఏం అన్నారు, ఇవన్నీ వాడికి తెలుసా? గెలిచినవే చెప్పకండి. పరీక్ష పోయినవాళ్ళు కూడా ఇంట్లో ఉన్నారని, వాళ్ళు బాగానే బతుకుతున్నారని తెలియడం ఎంపీసీ పిల్లాడికి ఎంత ఊరటో మీకు చెప్పక్కర్లేదు.

మీవారి 'వదిలెయ్' సగం నిజం. ఆ మిగతా సగం ఆయన చేతే పూర్తి చేయించండి. వారం వారం విజయవాడ వెళ్తున్నారు కదా, హాస్టల్ వాళ్ళు ఒప్పుకున్న రోజు చూసుకుని ఒక ఔటింగ్‌కి ఆయన్నొక్కరినే పంపండి, టిఫిన్ డబ్బాలు లేకుండా. ఇద్దరూ కలిసి బయట ఏదో తింటారు. ఏం మాట్లాడుకున్నారని ఇంటికొచ్చాక గుచ్చి గుచ్చి అడగొద్దు.

ఒక విషయంలో మాత్రం ఓపిక పట్టకండి. ఎప్పుడూ ఇష్టంగా తినేవి కూడా ముట్టకపోవడం, సెలవులకి ఇంటికి రానని అనడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, 'నేను లేకపోతే మీకు ఫీజులు మిగులుతాయి' లాంటి మాట నవ్వుతూ అన్నా సరే, వయసు మీదకి నెట్టేయకండి. వెంటనే వెళ్ళి ఇంటికి తెచ్చుకోండి, ర్యాంకు సంగతి తర్వాత. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి 14416 నంబరులో రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మీరు రాసినదాన్ని బట్టి మీ అబ్బాయిలో నాకలాంటివేవీ కనబడలేదు. నా అనుమానం మీ మీదే. వారాల తరబడి రాత్రిళ్ళు నిద్ర లేకుండా ఏడుస్తున్నారు. అది మీ కోసం కూడా ఉన్న నంబరే.

వీడియోలు పారేయమనను. ఫోన్ పోతే అన్నీ పోతాయి కాబట్టి ఒక హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, మరో చోట ఇంకో కాపీ పెట్టుకోండి. ఓ యాభై ఫొటోలు ప్రింటు తీయించి, వెనకాల ఎప్పుడు, ఎక్కడ, పక్కన ఎవరు అని పెన్సిల్‌తో రాయండి. వాడికి పెళ్ళై పిల్లలు పుట్టినప్పుడు వాడే అడిగి తీసుకుంటాడు. అప్పుడు ఆ టబ్బు ఫొటో చూసి నవ్వేవాళ్ళలో వాడే మొదటివాడు అయినా అవుతాడు. రాత్రి పూట మాత్రం ఫోన్ హాల్లో పెట్టి పడుకోండి.

చివరిగా ఒక మాట. మీ ఉత్తరం ఇక్కడ కుదించి వేశాం. అసలుది మూడు పేజీలు. అందులో పాప గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: 'దానితో ఏ ఇబ్బందీ లేదు.' ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. పన్నెండేళ్ళ పిల్ల. పుట్టినప్పటినుంచీ కొట్టుకోవడానికీ పంచుకోవడానికీ ఉన్న అన్న జూన్‌లో ఇల్లు వదిలి వెళ్ళాడు. అమ్మ అర్ధరాత్రి వరకూ అన్న వీడియోలు చూస్తుంటే ఆ ముద్దు ముద్దు మాటలు పక్క గదిలోకి వినబడవనుకుంటున్నారా? ఇబ్బంది పెట్టని పిల్లలు కొందరు ఇంట్లో ఉన్న ఇబ్బంది చాలని ఊరుకుంటారు. జ్ఞాపకాలు మిగిలే వయసు అన్నాను చూశారా, పాప కూడా అందులోకి వచ్చేసింది.

ఆ పిల్ల స్కూలు నుంచి ఎన్నింటికి వస్తుంది? బాబు కూర్చునే గట్టు మీద ఈపాటికి పప్పు డబ్బాలో, మిక్సీయో చేరి ఉంటాయి. రేపు నాలుగింటికల్లా వాటిని కాస్త పక్కకి జరిపి ఉంచండి.