వైద్య విద్య, వికలాంగుల ఉపాధి: రెండూ ఒకే పరిశోధన

ఒక ప్రొఫెసరు సగం వ్యాసాలు వైద్య విద్య మీద, మిగతా సగం వికలాంగుల ఉద్యోగాల మీద రాస్తే అది దిశ లేని పరిశోధన కాదా, కమ్యూనిటీ మెడిసిన్ (సమాజ ఆరోగ్య వైద్యం) పీజీ అయ్యాక నేనూ ఆ దారి పట్టవచ్చా అని మీరు అడిగారు. పట్టవచ్చు. దిశ లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. నాకు పసితనంలో పోలియో వచ్చింది, కుడి కాలికి కాలిపర్ వేసుకుంటాను, ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మన దేశంలో వికలాంగుడికి ఉద్యోగం వస్తుందా రాదా అన్నది చాలాసార్లు ఒక డాక్టరు సంతకం దగ్గర తేలిపోతుంది. వైకల్యం గురించి ఆ డాక్టరుకు కాలేజీలో ఏమి నేర్పారన్నదే వైద్య విద్య. ఇందులో రెండు దారులు ఎక్కడున్నాయి?

ఒక తరగతి గురించి చెబుతాను. ఎం.బి.బి.ఎస్.లో చేరగానే మొదటి సంవత్సరం విద్యార్థులకు పెట్టే పరిచయ తరగతులు, అంటే ఫౌండేషన్ కోర్సు జరుగుతోంది. వైకల్యం గురించి స్లైడ్లు వేసి చదివి వినిపించడం నాకు నచ్చదు. వైకల్యంతో బతుకుతున్న వాళ్లనే తరగతికి పిలుస్తాను. ఆ రోజు వచ్చిన ఆమెకు సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి. ముప్పై దాటిన మనిషి, ఒక మీసేవ కేంద్రంలో కంప్యూటర్ దగ్గర ఉద్యోగం. తోడుగా వాళ్ల అమ్మ వచ్చింది. మా గ్యాలరీ హాల్లో వేదిక ఎక్కాలంటే మెట్లే గతి, ర్యాంపు లేదు. వీల్‌చైరును మొదటి వరుస ముందు కిందనే నిలిపాం. ఒక కుర్రాడిని లేపి హిస్టరీ తీసుకోమన్నాను, అంటే డాక్టరు రోగిని అడిగినట్టు వివరాలు అడగమన్నాను.

అతను నేరుగా తల్లి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "అమ్మా, ఈమె వయసెంత? తన పనులు తనే చేసుకుంటుందా? మనం చెప్పింది అర్థమవుతుందా?" తల్లి ఏమీ చెప్పలేదు, కూతురి వైపు చూసింది. ఆమెకు మాట కూడదీసుకోవడానికి కాస్త సమయం పడుతుంది. మెడ ఒక పక్కకు లాగుతుంది, పెదవి వణుకుతుంది, ఆ తర్వాత మాట వస్తుంది. "నన్ను అడుగు బాబూ. జవాబు ఆలస్యంగా వస్తుంది, అంతే."

ఆ కుర్రాడు స్టూలు లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. నేను నోరు విప్పే పని లేకుండానే మళ్లీ మొదటి నుంచి ఆమెనే అడిగాడు. ఏం పని చేస్తారక్కా అంటే కుల, ఆదాయ ధృవీకరణ పత్రాలకు దరఖాస్తులు నింపుతానని చెప్పింది. ఎలా నింపుతారంటే తల్లి సంచిలోంచి కీబోర్డు తీసి ఆమె ఒళ్లో పెట్టింది. కీబోర్డు మీద చిల్లులున్న ప్లాస్టిక్ పలక బిగించి ఉంది, ఒక్కో మీటకు ఒక్కో చిల్లు. వణికే చెయ్యి ఆ పలక మీద ఆనుతుంది. వేలు చిల్లులోకి దిగితే తప్ప మీట పడదు, కాబట్టి పక్క మీటలు తగిలే ప్రమాదం ఉండదు. మా కంప్యూటరుకు కలిపి ఇచ్చాం. ఆ కుర్రాడి పేరులో రెండు ఒత్తులున్నాయి. ఒక్క తప్పు లేకుండా కొట్టింది.

ఆ తర్వాత అసలు విషయం చెప్పింది. అంతకు ముందు వేరే చోట కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగానికి ఎంపికైతే, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. పరీక్షించిన డాక్టరు ఆమెను ఒక్క మాటా అడగలేదు. తల్లితోనే మాట్లాడి, చేతుల వైపు చూసి, పనికి అనర్హురాలని రాసి సంతకం పెట్టాడు. కీబోర్డు సంచిలోనే ఉంది. తీయమనలేదు. ఇప్పుడు ఉద్యోగం ఇచ్చిన కేంద్రం యజమాని డాక్టరు కాగితం అడగలేదట, ఒక దరఖాస్తు నింపి చూపించమన్నాడట.

ఆ డాక్టరు క్రూరుడని నేను అనుకోను. అతనూ ఇలాంటి గ్యాలరీలోనే చదివాడు. మెదడులో ఎక్కడ దెబ్బ తగిలితే ఏమవుతుందో, కండరాల బిగుతు ఎలా పరీక్షించాలో నేర్చుకున్నాడు. ఆ మనిషి పొద్దున్నే లేచి పనికి వెళ్తుందని మాత్రం ఎవరూ అతనికి చెప్పలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. వాళ్లలో ఏదో ఒక పని చేస్తున్నవారు 36 శాతం, ఆడవాళ్లలోనైతే 23 శాతమే. చదువు అందకపోవడం, బస్సు ఎక్కలేకపోవడం, యజమానుల భయం ఇవన్నీ కారణాలే, కాదనను. అయినా వీటన్నింటికంటే పెద్ద గోడ డాక్టరు రాసే ఆ ఒక్క వాక్యమని నా గట్టి నమ్మకం.

మీరు ఎవరి పేరూ రాయలేదు గానీ, ఈ రెండు పనులూ కలిపి చేసినవారంటే నాకు ముందు గుర్తొచ్చేది డాక్టర్ సతేంద్ర సింగ్. ఢిల్లీలోని యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో ఫిజియాలజీ అధ్యాపకుడు. ఆయనకూ పసితనంలోనే పోలియో. ఒకవైపు వైద్య విద్యలోకి నాటకాన్ని, మానవీయ శాస్త్రాలను తెచ్చారు. మరోవైపు కేంద్ర ఆరోగ్య సర్వీసులో వికలాంగ వైద్యులను రానివ్వని పోస్టుల గురించి సమాచార హక్కు దరఖాస్తులు పెట్టి, ఏళ్ల తరబడి వెంటపడి, వాటిని తెరిపించారు. ఎం.బి.బి.ఎస్. చదివేవారు వైకల్యం గురించి ఏమేమి నేర్చుకోవాలో ఆయన, ఆయన సహచరులు వికలాంగులతో, వికలాంగ వైద్యులతో కూర్చుని 27 అంశాలుగా రాశారు. 2019లో కొత్త పాఠ్యక్రమం మొదలైనప్పుడు ఫౌండేషన్ కోర్సులో వైకల్యానికి ఏడు గంటలు దక్కాయి. పైన చెప్పిన నా తరగతి ఆ గంటల పుణ్యమే. 2024 ఆగస్టులో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో ఆ గంటలు తీసేశారు. అది చదివిన రోజు నాకు కలిగిన కోపం ఇంకా తగ్గలేదు. ఎం.బి.బి.ఎస్. చదువు మొత్తంలో ఏడు గంటలు కూడా బరువయ్యాయా?

కోర్టుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పరిశోధన ఫలితం అక్కడే కనబడింది. వైద్య ప్రవేశాల నిబంధనల్లో ఒక విచిత్రం ఉండేది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ కావాలంటే వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. మాట సరిగా రాని విద్యార్థికి అదే 40 శాతం ఉంటే చాలు, ఎం.బి.బి.ఎస్.కే అనర్హుడు. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో, కేవలం అంకె చూసి తలుపు మూయకూడదని, ఈ విద్యార్థి చదవగలడా లేదా అన్నది వైకల్యాన్ని పరీక్షించే వైద్యుల బోర్డు కారణాలతో రాయాలని సుప్రీంకోర్టు చెప్పింది. అదే నెలలో కండరాల క్షీణతతో 88 శాతం వైకల్యమున్న ఓం రాథోడ్ కేసులో, అతన్ని పరీక్షించి నివేదిక ఇవ్వమని డాక్టర్ సతేంద్ర సింగ్‌నే అడిగింది. 2025 ఫిబ్రవరిలో ఎం.బి.బి.ఎస్. సీటు కోరిన అన్మోల్ అనే విద్యార్థి కేసులో తీర్పు వచ్చింది. ఎయిమ్స్ బోర్డులో ఐదుగురు కుదరదన్నారు. సతేంద్ర సింగ్ ఒక్కరే ఏ పని ఎలా చేయగలడో, ఏ సదుపాయం ఇస్తే సరిపోతుందో విడిగా రాసి ఇచ్చారు. కోర్టు ఆయన నివేదికనే తీసుకుంది. రెండు చేతులూ చెక్కుచెదరకుండా ఉండాలన్న పాత షరతు చట్టం స్ఫూర్తికే విరుద్ధమంది. అలా రాయాలంటే ఏ పనికి ఏ నైపుణ్యం కావాలో ముందే తెలిసుండాలి. ఇన్నేళ్ల పాఠ్యక్రమ పరిశోధన ఆయనకు ఇచ్చింది అదే.

ఇదేదో కొత్తగా పుట్టిన వాదన కూడా కాదు. చిత్తూరు జిల్లా వాళ్లకు వేలూరు ఆసుపత్రి మన ఊరి ఆసుపత్రి లెక్క. అక్కడ డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, నడక పోయాక, వీల్‌చైరులో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తర్వాత అక్కడి పునరావాస వైద్య విభాగాన్ని నిలబెట్టారు. ఈనాటి నిబంధనలు చేసేవారిలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు?

ఇక ఈ దారిలో కష్టాలు. ఇంటర్వ్యూలు చేసి రాసిన వ్యాసాన్ని "ఇవి కథలు, డేటా ఏది" అని పక్కన పెట్టేవారు ప్రతి కమిటీలోనూ ఉంటారు. పదోన్నతికి వ్యాసాలు లెక్కపెడతారు గానీ, మీ పనివల్ల కాలేజీలో ఒక టాయిలెట్ తలుపు వెడల్పయిందంటే దానికి మార్కులు లేవు. డిసెంబర్ 3 వచ్చిందంటే వికలాంగుల దినోత్సవమని పిలిచి శాలువా కప్పుతారు, ఆ వేదికకూ మెట్లే. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్ కోసం స్లాటు దొరక్క, దొరికినా రోజంతా వరండాలో కూర్చునే వాళ్లను చూస్తుంటే, మనిషిని శాతానికి కుదించే ఈ పద్ధతి మీద నాకు విసుగు పుడుతుంది. బోర్డులో వైకల్యమున్న వైద్యుడు ఒకరు తప్పక ఉండాలని నేను అడగని సమావేశం లేదు.

మీరు మొదలుపెట్టేటట్లయితే వైద్య విద్యలో శిక్షణ తీసుకోండి. మీ కాలేజీ మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ జరిపే ప్రాథమిక కోర్సు ఎటూ అధ్యాపకులకు తప్పదు. ఆ తర్వాత కోయంబత్తూరు పి.ఎస్.జి.లోనో, లూథియానా సి.ఎం.సి.లోనో వైద్య అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే ఫైమర్ ఫెలోషిప్‌కు ప్రయత్నించండి. వైద్య విద్యలో పరిశోధన ఎలా చేయాలో అక్కడ చేయించి నేర్పుతారు. ఇంటర్వ్యూ చేయడం, విన్నది విన్నట్టు రాసుకోవడం, దాన్ని విశ్లేషించడం కూడా నేర్చుకోండి. పరిశోధన బృందంలో వికలాంగులను ప్రశ్నలు తయారుచేసే దశలోనే కలుపుకోండి, జవాబులు చెప్పడానికి మాత్రమే పిలవకండి.

థీసిస్ అంశం ఇంకా ఖరారు కాకపోతే ఒకటి చెబుతాను. మీ జిల్లాలో ఉద్యోగాల కోసం వచ్చిన వికలాంగులకు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్లలో "అనర్హులు" అని రాసినచోట కారణం రాశారా, ఆ ఉద్యోగంలో చేయాల్సిన పనులేమిటో డాక్టరు అడిగి తెలుసుకున్నారా, ఏ సదుపాయం ఇస్తే చేయగలరో ప్రస్తావించారా చూడండి. పేర్లు తీసేసిన ప్రతులు కావాలని సమాచార హక్కు కింద అడగండి, ఎథిక్స్ కమిటీ అనుమతి ముందుగానే తీసుకోండి. రాసిన డాక్టర్లనూ తప్పక ఇంటర్వ్యూ చేయండి, వాళ్లు చదువుకున్న రోజుల్లో వైకల్యం గురించి ఏమి విన్నారో అడగండి. ఈ అంశం మన విభాగానిది కాదని గైడు అంటే మళ్లీ ఇక్కడ రాయండి, సినాప్సిస్ (థీసిస్ ముందు ఇచ్చే ప్రణాళిక) నేను చూసిపెడతాను.