పోరంకి లోపల ఇల్లు తీసుకునే ముందు మీ అమ్మగారికి ఒక మధ్యాహ్నం చూపించండి

హైదరాబాద్ నుంచి విజయవాడకు బదిలీ అయిందనీ, ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గరనీ, పోరంకి–నిడమానూరు రోడ్డు లోపల ఒక వెంచర్‌లో అద్దె ఇల్లు చూశారనీ రాశారు. "చాలా ప్రశాంతం అంటున్నారు, నిజమేనా? కొన్నాళ్లకు విసుగొస్తుందా?" అని అడిగారు. మీతో 68 ఏళ్ల అమ్మగారు కూడా వస్తున్నారన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మేం కృష్ణా పుష్కరాల ఏడాది, 2016లో ఇటు వచ్చాం. దసరాకి పాలు పొంగించాం. అంతకుముందు వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్‌కి దగ్గర్లో రెండు గదుల పోర్షన్. తెల్లవారుజామున కూరగాయల బళ్లతో మొదలైన చప్పుడు రాత్రి షట్టర్లు దించేదాకా ఆగేది కాదు. ఇక్కడికొచ్చిన మొదటి రాత్రి ఆ చప్పుడు లేక నాకు నిద్ర పట్టలేదు. పది రోజులకల్లా అదే హాయి అనిపించింది. అప్పట్లో మా వెనక వీధి దాటితే వరిచేలే. ఇప్పుడు సగం చేలల్లో ప్లాట్ల రాళ్లు పాతేశారు, మిగతా సగం ఇంకా పచ్చగానే ఉంది.

కాబట్టి ప్రశాంతత నిజమే. అయితే అది ఇంట్లో అందరికీ ఒకే రకంగా అందదు. ఈ సంగతి నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది.

నేను పొద్దున తొమ్మిదికి స్కూటీ తీస్తే గవర్నర్‌పేటలో ఆఫీసు. తాడిగడప, కానూరు, కామయ్యతోపు, ఆటోనగర్ గేటు, పటమట, బెంజ్ సర్కిల్. బెంజ్ సర్కిల్‌లో ఫ్లైఓవర్ వచ్చాక హైవే లారీలు పైనుంచి వెళ్లిపోతున్నాయి, అది మేలే. కానీ మనం బందరు రోడ్డు వాళ్లం, కింద నుంచే దాటాలి, సిగ్నల్ తప్పదు. సాయంత్రం వానొస్తే ఇంకో అరగంట కలుపుకోండి. మీ ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గరే కాబట్టి నాకన్నా నయం. ఆ అలసటతో ఇంటి గేటు తీయగానే దొరికే నిశ్శబ్దం నాకు అమృతంలా ఉండేది. మా అత్తయ్య మాత్రం పొద్దుటి నుంచీ ఆ నిశ్శబ్దంలోనే కూర్చుని ఉండేది.

వన్‌టౌన్‌లో నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి. కరివేపాకు కోసం కిందికి దిగితే నలుగురితో మాట్లాడి గంటకు పైకొచ్చేది. ఇక్కడ మా వీధిలో 14 ఇళ్లుంటే అయిదింట్లో ముసలి దంపతులే, పిల్లలు అమెరికాలో. రెండిళ్లకు ఎప్పుడూ తాళమే. మిగతావాళ్లం పొద్దున పోయి రాత్రికి వచ్చే ఉద్యోగస్థులం. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా వీధిలో మనిషి కనపడడు. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద వడియాల పిండి గిన్నె అలాగే ఉంది.

"ఏం అత్తయ్యా, పెట్టలేదా?" అన్నాను.

"ఎవరితో పెట్టను అమ్మాయ్? ఒక్కదాన్నే డాబా ఎక్కి పెట్టుకుని, ఒక్కదాన్నే తీసుకోనా? పొద్దుట్నుంచీ గేటు ఒక్కసారి చప్పుడైంది. పరిగెత్తుకుంటూ వెళ్తే కొరియర్ అబ్బాయి, పక్కింటి అడ్రస్ అడిగాడు" అంది.

ఆ పిండి గిన్నె నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. ఆవిడ ఏనాడూ ఫిర్యాదు చెయ్యలేదు. నేనే అడగలేదు.

ఆ తర్వాతి సంవత్సరం ఇంకో సంగతి జరిగింది. రాత్రి పదకొండింటికి అత్తయ్యకు షుగర్ డౌన్ అయింది. చెమటలు పట్టేసి మాట తడబడుతోంది. పంచదార నీళ్లు తాగించాం, కాస్త తేరుకుంది, అయినా డాక్టరుకు చూపించాలి. మా వారు ఊళ్లో లేరు. ఫోన్‌లో ఆటో బుక్ చేస్తే ముగ్గురు డ్రైవర్లు వరసగా కాన్సిల్ చేశారు, లోపలికి రావాలంటే ఖాళీగా తిరిగి పోవాలని వాళ్ల బాధ. చివరికి వెనక వీధి అబ్బాయి కారు తీశాడు. అతనితో అంతకుముందు నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రెండేళ్లుగా గోడకు అటూ ఇటూ ఉన్నాం. మర్నాడు సాయంత్రం పండ్లు తీసుకుని వాళ్లింటికి వెళ్తే వాళ్ల అమ్మమ్మ ఉన్నారు. గుడివాడ వైపు మనిషి. "మీ అత్తగారిని పగలు ఇటు పంపమ్మా, నేనూ గోడలే చూస్తున్నాను" అన్నారు. అక్కడి నుంచి మా ఇంటి కథ మారింది.

ఆ పెద్దావిడే మా అత్తయ్యను మొదటిసారి పాత ఊళ్లోకి తీసుకెళ్లారు. ఇది మీరు బాగా గమనించాలి. పోరంకి అంటే బందరు రోడ్డు మీద కనపడే షాపులూ అపార్ట్‌మెంట్లూ మాత్రమే కాదు, వెంచర్లు రాకముందు నుంచీ ఉన్న ఊరు ఒకటుంది. రామాలయం అరుగు, పాలు పోసే ఇళ్లు, మిషన్ కుట్టేవాళ్లు, మధ్యాహ్నం కూడా మనుషులు తిరిగే వీధులు. మా ఇంటి నుంచి నడిస్తే పన్నెండు నిమిషాలు. రెండేళ్లు అంత దగ్గర్లో ఉండి కూడా మేం ఆ వైపు వెళ్లలేదు. ఆ ఏడు ధనుర్మాసంలో అత్తయ్య అక్కడి నుంచే ఆవుపేడ తెప్పించి గొబ్బెమ్మలు పెట్టింది. వన్‌టౌన్‌లో నాలుగో వంతు వాకిలి కూడా ఉండేది కాదు. ఇక్కడ గేటు నుంచి రోడ్డు మధ్యదాకా రథం ముగ్గు వేసి, నన్ను నిద్ర లేపి మరీ చూపించింది. ఇప్పుడు వడియాలు మా డాబా మీద ముగ్గురు కలిసి పెడతారు.

అందుకే నా సలహా ఒకటే: వెంచర్ ఎంత బాగున్నా, మీ అమ్మగారు నడిచి వెళ్లగలిగే దూరంలో పాత ఊరు గానీ గుడి గానీ సందడి ఉన్న సెంటర్ గానీ లేకపోతే ఆ ఇల్లు వద్దు. ఇంకో రెండు వేలు అద్దె ఎక్కువైనా సరే.

మిగతావి త్వరగా చెబుతాను. బందరు రోడ్డు మీద షేర్ ఆటోలకు కొదవ లేదు, ఇబ్బందల్లా రోడ్డు నుంచి ఇంటిదాకా ఉండే ఆ ఒకటిన్నర కిలోమీటరే. రాత్రి ఎనిమిదిన్నర దాటాక అది నడకే. సెంటర్‌లో ఆటో నడిపే ఒకరిద్దరి నంబర్లు మొదటి వారంలోనే తీసి పెట్టుకోండి. బోరు నీళ్లలో ఉప్పదనం ఉంటుంది, తాగడానికి టిన్నులు వేయించుకోవాలి. 2020 చివర్లో కానూరు, యనమలకుదురు, పోరంకి, తాడిగడప పంచాయతీలను కలిపి మున్సిపాలిటీ చేశారు గానీ మా వీధిలో ఇప్పటికీ సెప్టిక్ ట్యాంకులే. పెనమలూరు దాకా మెట్రో ప్రతిపాదన ఉందని ఓనర్లు చెబుతారు. ప్రతిపాదన ఉన్న మాట నిజమే, దాన్ని చూసి ఇవాళ అద్దె ఎక్కువ ఇవ్వకండి.

చేల పక్కన ఇల్లయితే దసరా దాటాక పచ్చ దీపపు పురుగులు వస్తాయి, కంగారు పడకండి. ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, బయట ఒక్క బల్బు వేసి, దాని కింద పళ్లెంలో నీళ్లు పెడితే అన్నీ అటు పోతాయి. ఆ గంటసేపు మేమందరం చీకట్లో వరండాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. మీ బాబుకి ఇది చాలా నచ్చుతుంది.

నీళ్ల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు మా పెద్దమ్మ వాళ్లు వచ్చి మా ఇంట్లో పన్నెండు రోజులున్నారు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి, యనమలకుదురులో నది వైపు ఇళ్లలోకీ నీళ్లొచ్చాయి. మా వీధి మునగలేదు, అయితే మాకు రెండు వీధుల అవతల మెరక తోలకుండా కట్టిన ఇళ్ల ముందు మోకాలి లోతు నీళ్లు మూడు రోజులు నిలిచాయి. ఓనర్‌ని అడిగితే చెప్పరు. ఎదురింటి వాళ్లనీ, వీధి చివర ఇస్త్రీ బండి వాళ్లనీ అడగండి, గోడ మీద ఎంతదాకా వచ్చిందో చేత్తో చూపిస్తారు.

ఇల్లు చూడటానికి ఆదివారం సాయంత్రం వెళ్లకండి, అప్పుడు ప్రతి వీధీ కళకళలాడుతూనే ఉంటుంది. మామూలు రోజు, మధ్యాహ్నం రెండింటికి అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. అరగంట ఆ వరండాలో కూర్చోబెట్టండి. తర్వాత ఆవిడతో కలిసి గుడిదాకా నడవండి. మీరు చూసిన ఇల్లు మా వైపే అయితే ఆ రోజు ముందుగా ఒక మాట చెప్పండి, మా అత్తయ్య ఇంట్లోనే ఉంటుంది.