కొబ్బరికాయ లేస్తే నీళ్లున్నట్టేనా?

కనిగిరి పక్క చేలో బోరు పాయింటుకి నాన్నగారు కొబ్బరికాయ మనిషిని (అరచేతిలో కాయ పెట్టుకుని నడుస్తూ, అది లేచిన చోట నీళ్లున్నాయని చెప్పేవాణ్ణి) పిలుద్దామంటున్నారు, మీరేమో నేలలోకి కరెంటు పంపి చూసే మీటరు తెప్పిద్దామంటున్నారు. కాయ పద్ధతి అబద్ధమని సైన్సు రుజువు చేసిందా అని కదా అడిగారు.

అట్టాంటి శక్తి ఎక్కడా లేదని రుజువు చెయ్యడం ఎవరివల్లా కాదు. ఈ మనిషి ఈ చేలో చూపిన చోటు నిలుస్తుందా అన్నది మాత్రం పైసా ఖర్చు లేకుండా తేల్చొచ్చు. కాయ లేచిన చోట మేకు కొట్టి మట్టి కప్పండి. తర్వాత ఆయనకు గంతలు కట్టి, మేకు సంగతి తెలియని మనిషి చేత వేరే మూల నుంచి నడిపించండి. ఐదుసార్లు. కాయ లేచిన చోట్లన్నీ ఆ మేకు దగ్గరికే వచ్చాయా అని తర్వాత చూడండి. తెలిసినవాళ్లెవరూ గట్టు మీద కూడా ఉండకూడదు, వాళ్లు ఊపిరి బిగబట్టినా ఆయనకు అందుతుంది. మైల, అమావాస్య లాంటి అడ్డంకులేమైనా ఉంటే ముందే కాగితం మీద రాయించండి. తప్పాక చెప్పేవి లెక్కలోకి రావు.

కాయ లేవడం మోసమేం కాదు. అరచేతిలో అడ్డంగా పెట్టిన కాయకు నిలకడ తక్కువ, వేళ్లు వెంట్రుకవాసి వంగితే చాలు. వంగినట్టు ఆయనకే తెలీదు. 1833లో షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లోలకంతో ఇదే చూపించాడు, గంతలు కట్టగానే ఊపు తగ్గింది.

"పది బోర్లు చూపిస్తే ఎనిమిది పడ్డాయి" అన్న మాటకు తూగకండి. నెల్లూరు జిల్లా తీరాన అల్లూరు వైపు ఇసక నేలల్లో కళ్లు మూసుకుని పొడిచినా నీళ్లే. కనిగిరి గట్టి రాతిలో పైనున్న మొరంలోనో, రాతి పగుళ్లలోనో తప్ప నీళ్లుండవు. అక్కడి లెక్క చెప్పమనండి.

మీటరును కూడా దేవుణ్ణి చెయ్యొద్దు. నాలుగు ఇనప మేకులు దిగ్గొట్టి, బయటి రెంటిలో కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ చూస్తారు. అది చెప్పేది నేల కరెంటుకి ఎంత అడ్డమన్నదే. అడ్డం తగ్గితే నీళ్లు కావొచ్చు, బంకమన్ను కావొచ్చు, ఉప్పునీళ్లూ కావొచ్చు.

బోరు బండి దిగాక గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి కాయ కొట్టడం వేరే సంగతి. అందులో ఎంత లోతో, ఎన్ని ఇంచుల నీళ్లో చెప్పరు, కాబట్టి పరీక్ష పెట్టడానికేం లేదు. దానికి సైన్సు పేరుతో నాన్నగారికి అడ్డం చెప్పడం నా దృష్టిలో దండగ.

నీళ్లు పడితే లీటరు సీసా నింపి పరీక్షకు పంపండి. మీ వైపు ఫ్లోరైడ్ బెడద ఉంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.