శనివారం పోకర్, మామగారి కోపం, ఇంట్లో చెప్పని రెండు వందలు

చదివేవాళ్ళకి అర్థం కావాలి కాబట్టి మీ ఉత్తరంలో ఉన్నది ముందు క్లుప్తంగా చెప్తాను. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు, ఇద్దరివీ ఉద్యోగాలు, రెండో క్లాసు చదివే బాబు ఉన్నాడు. నెలకో రెణ్ణెల్లకో ఒక శనివారం పొద్దున్నే ముగ్గురు ఆఫీసు ఫ్రెండ్స్‌తో ఒకే కారులో బయల్దేరి, రెడ్ రివర్ దాటి ఓక్లహోమాలో ఉన్న విన్‌స్టార్ కాసినోకి వెళ్ళి, ఒకటి-మూడు డాలర్ల (అంటే మొదటి పందేలు ఒక డాలర్, మూడు డాలర్లు ఉండే చిన్న) పోకర్ టేబుల్ దగ్గర సాయంత్రం దాకా ఆడి రాత్రి తొమ్మిదికల్లా ఇంటికొచ్చేస్తారు. చేతిలో మూడు వందల డాలర్లు. మీ ఆయనకి మొదట్నుంచీ తెలుసు, ఎప్పుడూ కాదనలేదు. ఇప్పుడు అత్తమామలు ఆరు నెలలకని వచ్చారు. మీరు శనివారం ఎక్కడికి వెళ్తున్నారో మామగారికి తెలిసి, అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు "కోడలు పేకాటకి వెళ్ళడమేంట్రా" అని కొడుకుని అడిగారు. ఆ రోజు నుంచి మీ ఆయన "వాళ్ళున్నన్నాళ్ళూ మానెయ్" అంటున్నారు. "ఆయన ప్రతి ఆదివారం క్రికెట్‌కి పోతే ఎవరూ ఏమనరు, నేను చేసిన తప్పేంటి?" అన్నది మీ ప్రశ్న.

దానికి జవాబు చెప్తాను. కానీ అమ్మా, ఆ ప్రశ్నకి కాస్త ముందు ఇంకో మాట రాసి, వెంటనే వేరే విషయంలోకి వెళ్ళిపోయారు. పోయినసారి రెండు రాజులతో ఆల్ ఇన్ వెళ్తే, అంటే ముందున్నదంతా ఒకేసారి పందెం పెడితే, ఎదుటాయనకి ఆఖరి ముక్క ఆసు పడి, మధ్యాహ్నం రెండింటికల్లా మూడు వందలూ అయిపోయాయి, ఫ్రెండ్స్ ఇంకా ఆడుతూనే ఉన్నారు, "కాసేపు తిరిగి, క్రెడిట్ కార్డు మీద రెండు వందలు తీసి బ్లాక్‌జాక్ ఆడాను, అదీ పోయింది, ఇంట్లో మాత్రం మూడు వందలనే చెప్పాను" అన్నారు. నాకు మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైనది ఇదే అనిపించింది. మామగారి మాట కంటే, మీ ఆయన క్రికెట్ కంటే కూడా.

మీరు ఆడే ఆట మీద నాకు కోపం లేదు. కాసినో అనగానే అన్నీ ఒకే గాటన కట్టేసేవాళ్ళున్నారు, అది సరికాదు. పోకర్ టేబుల్ దగ్గర మీరు కాసినోతో ఆడరు, పక్కన కూర్చున్న ఎనిమిది మందితో ఆడతారు. కాసినో ముక్కలు పంచి ప్రతి పాట్‌లోంచి, అంటే అందరి పందేలూ కలిసిన మొత్తంలోంచి, కొంత కోసుకుంటుంది, దాన్నే రేక్ అంటారు. ఈ చిన్న టేబుళ్ళ దగ్గర మామూలుగా పాట్‌లో పదో వంతు, ఐదారు డాలర్లకి మించకుండా తీసుకుంటారు, జాక్‌పాట్ కోసమని ఇంకో డాలరో రెండో తీస్తారు, గెలిచినవాళ్ళు డీలర్‌కి ఒక డాలర్ టిప్పు పడేస్తారు. అన్నీ కలిపి ఒక్కో చేతికి, అంటే ముక్కలు పంచి ఆడే ఒక్కో ఆటకి, సగటున ఐదు డాలర్లు అనుకున్నా, గంటకి ఓ పాతిక చేతులు పడతాయి కాబట్టి గంటకి 125 డాలర్లు టేబుల్ మీద నుంచి లేచిపోతాయి, అంటే మనిషికి దాదాపు 14. ఆరు గంటలు కూర్చుంటే 84. మీతో కూర్చున్నవాళ్ళంతా సరిగ్గా మీ అంత బాగానే ఆడితే, రోజు గడిచేసరికి ఒక్కొక్కరూ ఆ 84 పోగొట్టుకునే లేస్తారు. ఇది తెలిసి, ఇంటి ఖర్చులన్నీ పోగా మిగిలిన సొంత డబ్బుతో, నచ్చిన మనుషుల మధ్య బుర్రకి పని చెప్పే ఆట ఆడుకోవడానికి వెళ్తే అది మీ సరదా. సినిమాకో రిసార్టుకో పెట్టే ఖర్చు లాంటిదే. తప్పేం లేదు.

మరి రెండు వందల దగ్గర నేనెందుకు ఆగానంటే, వాటిని మీరు ఏ ఆటలో పెట్టారో చూడండి. పొద్దున్నుంచి మీరు చేసిన పని చెత్త ముక్కలు పడేసి మంచివాటి కోసం ఓపిగ్గా కూర్చోవడం, ఎదుటివాళ్ళ పందేల్ని బట్టి వాళ్ళ దగ్గరేముందో ఊహించడం. బ్లాక్‌జాక్‌లో అదేం పనికిరాదు, అక్కడ ఎదురుగా ఉన్నది కాసినోనే. పాతిక డాలర్ల టేబుల్ అయితే వరసగా ఎనిమిది పోతే చాలు, రెండు వందలు అయిపోతాయి, పది నిమిషాలు కూడా పట్టదు. మీకు బ్లాక్‌జాక్ అంటే ఇష్టమని ఎక్కడా రాయలేదు కూడా. ఆ మధ్యాహ్నం మీరు ఆడటానికి వెళ్ళలేదు, పోయింది తెచ్చుకోవడానికి వెళ్ళారు. ఓడిన ఉక్రోషంలో ఇలా ఆలోచన తప్పి ఆడటాన్ని మీ పోకర్ వాళ్ళే టిల్ట్ అంటారు, మీకు నేను వివరించక్కర్లేదు. పోకర్ బాగా ఆడేవాళ్ళు కూడా ఈ గంటలోనే దెబ్బతింటారు.

ఈ డే ట్రిప్ పద్ధతిలో ఒక చిక్కుంది, దాని గురించి ఎవరూ ముందుగా ఆలోచించుకోరు. నలుగురు ఒకే కారులో వెళ్తారు. అందరికంటే ముందు డబ్బు అయిపోయినవాళ్ళు, మిగతా ముగ్గురు లేచేదాకా ఎక్కడికీ పోలేరు. రెండింటికి మీ చిప్స్ (డబ్బుకి బదులు ఆడే బిళ్ళలు) అయిపోయాయి, కారు ఏడింటికి గానీ కదలదు. ఐదు గంటలు! చుట్టూ కనుచూపు మేర స్లాట్ మిషన్లు, అడుగడుగునా ఏటీఎం, గోడ మీద గడియారం కూడా కనిపించదు, మనసులో ఆ ఆసే మెదులుతూ ఉంటుంది. మీ మూడు వందల లిమిట్ చాలా మంచిది, కానీ అది ఎంత డబ్బో చెప్పింది గానీ అది అయిపోయాక ఏం చేయాలో చెప్పలేదు. ఆ ఐదు గంటలకి మీ దగ్గర ఏ ప్లానూ లేదు. నా దృష్టిలో ఈ ట్రిప్‌లో ప్రమాదం అంతా అక్కడే ఉంది.

ఇంకో విషయం, ఆ రెండు వందలు ఇద్దరి జాయింట్ ఖాతాలోంచి కాకుండా మీ కార్డు మీద తీశారు. తొందరలో చేశారో, స్టేట్‌మెంట్‌లో ఆయన చూస్తారని చేశారో మీకే తెలియాలి, నిజాయితీగా మిమ్మల్ని మీరు అడగండి. క్రెడిట్ కార్డు మీద నగదు తీస్తే మామూలు కొనుగోళ్ళకి ఉండే గడువు దీనికి ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, పైన ఫీజు, కాసినో ఏటీఎం చార్జీ వేరే. ముందు ఈ వారమే అది కట్టేయండి.

ఆ తర్వాత మీ ఆయనకి చెప్పండి. మామగారి గొడవ తేలకముందే చెప్పండి, ఎందుకంటే ఇప్పుడు మీరు "నేను లిమిట్‌లో ఆడుతున్నాను, నా మీద నమ్మకం లేదా" అని వాదిస్తున్నారు, రేపు ఆ స్టేట్‌మెంట్ బయటపడితే అప్పటిదాకా మీరన్న నిజాలు కూడా అబద్ధాల్లో కలిసిపోతాయి. పెద్ద సీను అక్కర్లేదు. బాబు పడుకున్నాక, అత్తమామలు వాళ్ళ గదిలోకి వెళ్ళాక, "పోయినసారి మూడు వందలు కాదు, ఐదు వందలు పోయాయి, రెండు వందలు కార్డు మీద తీశాను, నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు, కట్టేశాను" అని చెప్పి ఆగండి. ఆయన వెంటనే ఏదో అంటారు, అననివ్వండి. అప్పుడే క్రికెట్ సంగతి ఎత్తకండి. అమెరికాలో ఇంకో లెక్క కూడా ఉంది: కాసినోలో గెలిచిన డబ్బు టాక్స్ రిటర్న్‌లో చూపించాలి, మీరిద్దరూ కలిపి ఫైల్ చేస్తుంటే మీ గెలుపు లెక్క మీద ఆయన సంతకం కూడా ఉంటుంది. కాబట్టి వెళ్ళిన తేదీ, తీసుకెళ్ళింది, తెచ్చింది ఒక నోట్‌బుక్‌లో రాసి ఇంట్లో పెట్టండి, ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూసుకునేలా. చాలామంది గెలిచిన రోజులు గుర్తుంచుకుని పోయిన రోజులు మర్చిపోతారు, ఆ పుస్తకం మీక్కూడా నిజం చెప్తుంది.

ఇక మామగారు. ఆయన అన్న తీరు నాకు నచ్చలేదు. "కోడలు" అన్న మాట మీద ఎందుకంత బరువు పెట్టారో అర్థమవుతూనే ఉంది, కొడుకు వెళ్ళుంటే అందరి ముందు అలా అడిగేవారా అన్న మీ బాధ న్యాయమైనదే. మన ఇళ్ళలో పండక్కి చేరినప్పుడు దుప్పటి పరిచి పదమూడు ముక్కలు పంచుకుంటే పిన్నులూ అత్తలూ కూడా కూర్చుని ఆడతారు, జోకర్ పట్టుకుని మురిసిపోతారు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కాకపోతే మీరే రాశారు, మామగారి అన్నగారు పేకాటలో రెండెకరాలు పోగొట్టారని. ఆ ఇంట్లో పెరిగిన మనిషికి పేకాట అంటే ఆట కాదమ్మా, అమ్ముడుపోయిన పొలం. పేకాట శిబిరం మీద పోలీసుల దాడి, ఆన్‌లైన్ రమ్మీ అప్పులకి ప్రాణం తీసుకున్న కుర్రాడు, ఇలాంటి వార్తలు ఆయన ఏళ్ళ తరబడి పేపర్లో చదువుతూ వచ్చారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయంటే, 2025లో కేంద్రమే చట్టం చేసిందంటే ఊరికే కాదు.

మీరు ఆయనతో "ఇది స్కిల్ గేమ్, కోర్టులే చెప్పాయి" అని వాదించానన్నారు. రమ్మీలో నైపుణ్యమే ఎక్కువని 1967లో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులోనే అంది. అయితే ఆ తీర్పు రమ్మీ గురించి, ఓక్లహోమాలో పోకర్ గురించి కాదు. పైగా మామగారి అన్నగారు ఆడింది కూడా బహుశా రమ్మీయే అయ్యుంటుంది, నైపుణ్యం ఉందన్న మాట ఆ పొలాన్ని కాపాడలేదు. ఆయనకి లాయరు పాయింట్లు చెప్పకండి. ఎంత తీసుకెళ్తారు, ఎప్పుడొస్తారు, ఇంటి డబ్బుకి దానికి సంబంధం ఉందా లేదా, ఇవి చెప్పండి చాలు. అదీ మీరు కాదు, మీ ఆయన చెప్పాలి. తన తండ్రికి తన భార్య గురించి జవాబు చెప్పే బాధ్యత ఆయనది, "వాళ్ళున్నన్నాళ్ళూ మానెయ్" అని మీ మీదకి తోసేయడం సులువు పని. ఆయన ఈ జవాబు చదువుతుంటే ఈ వాక్యం ఆయన కోసమే రాశాను.

క్రికెట్ విషయం కూడా అడగాల్సిందే. నెలకో శనివారం మీది, ప్రతి ఆదివారం పొద్దున ఆయనది, పోలిస్తే మీరు తీసుకుంటున్నది తక్కువే. దాన్ని ఆట మంచిదా చెడ్డదా అన్న గొడవలా కాకుండా గంటల లెక్కలా మాట్లాడుకోండి. మామగారికి, అత్తగారికి అక్కడ కారు నడపడం రాదు, వారమంతా మీరిద్దరూ లాప్‌టాప్‌ల ముందు, బాబు స్కూల్లో, వాళ్ళు కిటికీలోంచి ఖాళీ వీధి చూస్తూ కూర్చుంటారు. శనివారం ఎప్పుడొస్తుందా, గుడికో షాపింగ్‌కో ఎవరు తీసుకెళ్తారా అని చూసే మనుషులకి, ఆ శనివారమే మీరు పొద్దున్నే చెప్పులేసుకుని వెళ్ళిపోతే కోపం రావడం సహజం, అది పేకాట పేరుతో బయటికి వచ్చి ఉండొచ్చు కూడా. మానేయమని నేను చెప్పడం లేదు. వాళ్ళున్న ఆరు నెలల్లో రెండుసార్లు వెళ్ళండి, ఆ రెండు తేదీలూ ముందే క్యాలెండర్‌లో పెట్టండి, మిగతా శనివారాలు వాళ్ళకివ్వండి.

ఇప్పుడు వెంటనే మాత్రం రెండు నెలలు వెళ్ళకండి. శిక్షగా కాదు, మిమ్మల్ని మీరు గమనించుకోవడానికి. ఆ రెండు నెలల్లో ఆ రాజుల చేతిని మనసులో మళ్ళీ మళ్ళీ ఆడుతున్నారా, ఫోన్లో ఆడే ఆటలు వెతుకుతున్నారా, ఒక్కరే వెళ్ళొస్తే ఎవరికీ తెలియదు కదా అనిపిస్తోందా? ఇవేమీ లేకపోతే మంచిది, ఆ రోజు జరిగింది ఆ రోజుతో పోయినట్టే.

తర్వాత వెళ్ళినప్పుడు కార్డులన్నీ ఇంట్లో వదిలి, డ్రైవింగ్ లైసెన్సు, మూడు వందలు, తిండికి ఇంకో నలభై, అంతే పట్టుకెళ్ళండి. ఫోన్లో ఉన్న కార్డులు కూడా తీసేయండి. ఫ్రెండ్స్ దగ్గర అప్పు అడగను, అడిగినా ఇవ్వద్దని బయల్దేరే ముందే కారులో అందరికీ చెప్పండి. వీలైతే రెండు కార్లలో వెళ్ళండి, ముందు అయిపోయినవాళ్ళు ముందు వచ్చేయొచ్చు, ఫ్రిస్కోకి గంట, గంటంపావు డ్రైవే కదా. ఒకే కారైతే చిప్స్ అయిపోయిన నిమిషంలో లేచి ఆ హాలు దాటి బయటికి రండి, ఇంటికి ఫోన్ చేసి ఎంత పోయిందో అప్పుడే చెప్పేయండి, పుస్తకం చదువుకుంటారో కారులో పడుకుంటారో మీ ఇష్టం, ఆ మిషన్ల మధ్య మాత్రం తిరగకండి.

ఇంకోసారి అలా దాటి డబ్బు తీస్తే, లేదా ఇంకోసారి తక్కువ చేసి చెప్తే, మళ్ళీ నాకు ఉత్తరం రాసి ఎదురుచూడకండి. 1-800-426-2537 కి ఫోన్ చేయండి, జూదం ఇబ్బంది పెడుతున్నవాళ్ళ కోసం అమెరికాలో ఉన్న ఉచిత నంబర్ అది, ఇంట్లోవాళ్ళు కూడా చేయొచ్చు. గ్యాంబ్లర్స్ అనానిమస్ అని 1957 నుంచి నడుస్తున్న సంఘం ఉంది, డాలస్ చుట్టుపక్కల వాళ్ళ మీటింగులు జరుగుతాయి, పేరు చెప్పక్కర్లేదు. మీకిప్పుడు అది అవసరమని నేననుకోవడం లేదు, మీ అంతట మీరే ఆ రెండు వందల సంగతి రాశారు కాబట్టి. ఆ మాటే ఈ శుక్రవారం లోపు మీ ఆయనకి చెప్పండి, ఆయన ఏమన్నారో నాకు రాయండి.